పిట్టలకు చూపించిన అల్లుడు

ఆ ఉదయం ఆకాశం చెరువు మీదికి వంగి ఉంది. వాన పడుతున్నట్టూ లేదు, ఆగినట్టూ లేదు. తెల్లవారకముందు మొదలైన తుంపర చెట్ల మీద కనబడుతోందే గాని నేలను తడపడం లేదు. నీళ్ళలో నిలబడ్డ నల్లతుమ్మల మీద కొంగలు రెక్కలు ఆరబెట్టుకోవాలో వద్దో తేల్చుకోలేక సగం విప్పి కూర్చున్నాయి.

సేవుగన్ పక్షుల బడి ముందు చిమ్ముతున్నాడు. బడి అనేది ఊరివాళ్ళు పెట్టుకున్న పేరు. పెంకులు కప్పిన ఒక పొడుగాటి గది, దాని వెనక పనిముట్ల కొట్టు, ముందు కర్ర గేటు. గేటు నుంచి చెరువుగట్టు మీదికి తాటాకు తడికల చాటున ఒక నడక దారి. కరువేలంపట్టి జనం తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నది. పట్నాల నుంచి, బళ్ళ నుంచి చూడవచ్చినవాళ్ళను సేవుగనే తిప్పుతాడు. గుడ్ల పెంకులు చూపిస్తాడు, ఈకలు చూపిస్తాడు, రాలిన గూళ్ళు చూపిస్తాడు. అన్నిటికీ చివర గాజు జాడీ.

చీపురు నేలకు రాసుకోకుండా ఆకుల్ని మాత్రమే నెట్టడం అతనికి అలవాటు. చప్పుడుకు పిట్టలు లేస్తాయి, గట్టుకు ఇంత దగ్గర్లో పనిచేసేవాడికి ఆ అలవాటు రాక తప్పదు.

"ఏం సేవుగా, కొత్త అల్లుడు దిగే రోజు గదా. పాత పంచె కట్టినావే?" ఎదురుగా టీకొట్టు బల్ల మీద నుంచి పెరియకరుప్పన్ అడిగాడు.

"కొత్తది కడితే చిమ్మేదెవురు? నువ్వొస్తావా?"

"నేనెందుకు? మీ అల్లుడు శివకాశి మనిషి గదా. ఒక్క టపాకాయల సరం అంటిస్తే ఆకులన్నీ వాటంతటవే లేచిపోతాయి."

బల్ల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. ఈ ఊళ్ళో నవ్వు కూడా గొంతులోనే ఉంటుంది. పిట్టలు దిగిన నెలల్లో పెద్దగా నవ్వేవాడు లేడు.

"ఆకులు లేస్తే పరవాలా. నీ అల్లుడు తుమ్మితే చెరువు చెరువే లేచిపోయింది," అన్నాడు సేవుగన్.

కొత్తగా ఊరికి చుట్టమైన వాణ్ణి మొదటి దీపావళికి గట్టు మీదికి తీసుకుపోయి పిట్టలకు చూపించాలి. చెప్పులు విప్పి, తడికలు దాటి, నీళ్ళ అంచు దాకా నడిపించాలి. పిట్టలు ఎన్ని లేస్తే అల్లుడు అంత పరాయివాడు. పోయినేడు పెరియకరుప్పన్ అల్లుడు సరిగ్గా నీళ్ళ అంచుకు పోయి తుమ్మాడు. ఆ మాట ఏడాదిగా ఈ బల్ల మీద నడుస్తోంది.

"తుమ్ము దేవుడిచ్చింది. అది తప్పు కాదు," అన్నాడు పెరియకరుప్పన్. నవ్వు ఆపేశాడు. "అదిగాక, వాడి సంచిని ఇదే గేటు దగ్గర విప్పించినావు. చేతిలో పట్టేంత టపాకాయల పొట్లం, పిలకాయల కోసం తెచ్చుకున్నాడు. నీళ్ళ తొట్టిలో ముంచినావు. నేనేమన్నా అన్నానా? అనలా. పిట్టల ఊళ్ళోకి టపాకాయ రాకూడదు, కట్టుబాటు కట్టుబాటే."

సేవుగన్ చీపురు గోడకు ఆనించాడు. మదురై బస్సు మలుపు తిరుగుతోంది.

ముందు కూతురు దిగింది. సొర్ణం తలలో మల్లెలు బస్సు గాలికి ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. పెళ్ళయిన నాలుగు నెలల్లో కొంచెం ఒళ్ళు చేసింది. వెనక అల్లుడు మాడసామి, బక్కపలచని మనిషి, పొడుగు చేతుల చొక్కా. భుజం మీద అట్టపెట్టె.

పెట్టెకు నాలుగు పక్కలా ఎర్రగా బొమ్మ. నిప్పు కక్కుతూ పైకి పోతున్న తారాజువ్వ, దాని చుట్టూ పసుపు చుక్కలు. ఆ బొమ్మ ఎంత దూరం నుంచైనా కనబడేట్టు వేసిందే.

"బాగుండారా మామా?"

"బాగుండాం. రండి. కూర్చోడానికి దొరికిందా?"

"సగం దూరం దొరికింది."

సేవుగన్ మాట్లాడుతున్నాడు గాని అతని కళ్ళు పెట్టె మీదనే ఉన్నాయి. కూతురు చూసింది.

"నాయనా, అందులో టపాకాయలు లేవు. మా ఊళ్ళో ఉప్పూ పప్పూ కూడా ఈ పెట్టెల్లోనే మోస్తారు. పండగ గుడ్డలుండాయి. మా అత్త శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా తెప్పించి ఇచ్చింది. అంతే."

టీకొట్టు బల్ల మీద తలలన్నీ ఇటు తిరిగాయి.

విప్పి చూస్తే, మొదటి పండక్కి వచ్చిన అల్లుడి పెట్టెను నడివీధిలో విప్పించినట్టు. విప్పకుండా పంపిస్తే, పోయినేడు ఇదే చోట ఇంకొకరి అల్లుడి సంచిలో చెయ్యి పెట్టినవాడు తన అల్లుడి దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకున్నట్టు. కూతురు మొగుణ్ణి వెనకేసుకొస్తుంది, ఏ కూతురైనా అంతే అని కూడా సేవుగన్‌కు ఒక మూల తోచింది. అలా తోచినందుకు తన మీద తనకే విసుగేసింది.

"ఏముందని నేనడగలా," అన్నాడు. "పెట్టె మీద బొమ్మ ఉందే. ఊళ్ళోకి పోతే నలుగురూ చూస్తారు. ఇక్కడ కొట్లో పెట్టి పోదాం. పండగ అయిపోనీ, తీసుకుందాం."

"పండగ గుడ్డలు పండగయినాక కట్టుకోవాలా?"

"ఉండనీ సొర్ణం," అన్నాడు మాడసామి. గొంతు పెంచలేదు. "మామ చెప్తా ఉండారు గదా."

కొట్టు తలుపు దగ్గర మోకాళ్ళు ముందు వంచి, పెట్టెను ఒక మూల ఆనించి, తరువాత రెండో మూల ఆనించి, కింది నుంచి వేళ్ళు ఒకటొకటిగా తీసుకున్నాడు. పెట్టె నేలకు తగిలిన చప్పుడు రాలేదు. లోపలికి నెట్టలేదు. మళ్ళీ ఎత్తి, రెండడుగులు వేసి, పారల పక్కన అలాగే దించాడు. లేచి చేతులు దులుపుకోబోయి ఆపి, చొక్కాకు ఒత్తుకున్నాడు. గోళ్ళ అంచుల్లో వెండి రంగు పొడి. ఎంత రుద్దినా పోనిది.

సేవుగన్ కొట్టుకు గొళ్ళెం పెట్టాడు. ఊళ్ళోకి నడుస్తుంటే కూతురు ముందు నడిచింది, తండ్రి పక్కన నడవలేదు.

ఇంట్లో అళగమ్మ మురుకులు ఒత్తుతోంది. అల్లుడికి మంచం మీద కొత్త దుప్పటి పరిచింది, కాళ్ళకు నీళ్ళిచ్చింది. గడప దాటి మొగుడి దగ్గరికి వచ్చాక గొంతు తగ్గించింది.

"పెట్టె ఆపినావంట?"

"ఆపినా."

"నీకు బుద్ధుందా?"

సేవుగన్ ఆలోచించాడు. "కట్టుబాటుంది," అన్నాడు.

"దాన్నే కాపురానికి తోలాల్సింది. పిల్లనెందుకు తోలినావు?" అని ఆమె మళ్ళీ మురుకుల దగ్గరికి పోయింది.

*

మరునాడు పండక్కి ముందు రోజు. తుంపర తగ్గి గాలి ఒక్కటే ఉంది. అల్లుణ్ణి గట్టు మీదికి తీసుకుపోవాలని నలుగురూ బయలుదేరారు. అళగమ్మ పట్టుచీర కట్టింది. సొర్ణం మొగుడి పక్కనే నడిచింది. గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ పట్నం బస్సు ఆగి ఉంది. ఏదో ఆఫీసు వాళ్ళంట, పెళ్ళాంబిడ్డలతో వచ్చారు. చేతుల్లో కెమెరాలు, నీళ్ళ సీసాలు.

"చూపించేది మీరేనా? అరగంట నుంచి నిలబడున్నాం," అన్నాడు ఒక బట్టతల పెద్దమనిషి.

సేవుగన్ ఇంటివాళ్ళ వైపు తిరిగాడు. "వీళ్ళను పంపించి గట్టు మీదికి పోదాం. లోపలికి రాండి. అల్లుడు బడి కూడా చూసినట్టుంటాది."

ఆ మాట అంటున్నప్పుడు అతనికి జాడీ గుర్తు రాలేదు. రోజూ చూపించేవాడికి అది గోడకుండే గూటిలాగే అయిపోయింది.

మాడసామి వెనక నిలబడ్డాడు. గోడ మీది బొమ్మలను ఒక్కొక్కటిగా చూశాడు. నత్తలు కొట్టే కొంగ ముక్కు రెండు దవడలూ కలవకుండా మధ్యలో సందు ఎందుకుంటుందో సేవుగన్ చెబుతుంటే ముందుకు వంగి విన్నాడు. గూడబాతు ఈకను చేతికిస్తే అరచేతిలో పెట్టుకుని ఊపిరి తగలకుండా ముఖం పక్కకు తిప్పుకుని చూశాడు. సొర్ణం అది చూసి నవ్వింది. ఆమె ముఖంలో నిన్నటి కోపం సగం కరిగింది. పుట్టింటి గొప్ప మొగుడు చూస్తున్నాడు మరి.

జాడీ దగ్గరికి వచ్చారు. పసుపు తిరిగిన ద్రావకంలో బొటనవేలంత పిట్టపిల్ల. కళ్ళు ఇంకా తెరవనిది. గుడ్డులో ఉన్నట్టే సగం వంగి ఉన్న మెడ.

"ఇది పక్క ఊరి జాతరలో బాణాసంచా కాల్చిన పొద్దు రాలింది," సేవుగన్ మొదలుపెట్టాడు. అతని గొంతు ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ కొంచెం మారుతుంది. "తల్లి అదిరి లేచింది. గూడు ఒరిగింది. మళ్ళీ ఆ తల్లి ఆ కొమ్మ మీద వాలలా. మా ఊళ్ళో మా తాతల కాడి నుంచి టపాకాయ పేలలా. పెళ్ళికి మేళం కూడా పొలిమేర అవతలే ఆపుతాం. దీన్ని చూడండి. కాల్చినోడి చేతికీ దీని రక్తం ఉంది, ఆ మందు కూరి ఇచ్చినోడి చేతికీ ఉంది. ఇద్దరికీ పాపం సమానమే."

మాట బయటికి వచ్చాక గాని అతనికి తెలియలేదు. ఎన్ని వందలసార్లో అన్న మాట. నాలుక తన దారిన తాను నడిచిపోయింది.

సొర్ణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు ఇదే మాట వచ్చినవాళ్ళకు ఆమె అప్పజెప్పేది. వాళ్ళు చప్పట్లు కొట్టబోతే సేవుగన్ వేలు పెదవుల మీద పెట్టి ఆపేవాడు.

"చేతులెత్తండి," అంది గుంపులో ఒకామె ఉత్సాహంగా. గోడ మీద రాసి ఉన్నదాన్ని ఆమె ముందే చదివేసింది. "ఇక మీద టపాకాయలు ముట్టమని మాటివ్వాలంట. అందరూ ఎత్తండి!"

చేతులు లేచాయి. పెద్దవి, చిన్నవి. గాజులు గలగలమన్నాయి. మాడసామి చేతులు వెనక కట్టుకునే ఉన్నాయి.

"ఏమయ్యా, నువ్వెత్తవా?" బట్టతల ఆయన అడిగాడు. సరదాగానే అడిగాడు.

మాడసామి నవ్వాడు. "నేనెత్తితే అబద్ధమవుతుంది సార్."

"అదేం?"

"నేను చేసే పని అదే. శివకాశిలో మందు కలుపుతాను."

బట్టతల ఆయన పొట్ట కదిలేట్టు నవ్వాడు. "దొంగ మన మధ్యనే ఉన్నాడే! ఏవండీ, జాడీ పక్కన నిలబెట్టి ఒక ఫోటో తీయండి ఈయన్ని!"

కొందరు నవ్వారు. ఒక పిల్లవాడు మాడసామి చేతులు చూడాలని వెనక్కి వచ్చాడు. "వదిలేయండి పాపం," అంది ఇంకొకామె. "కూలిమనిషి. కడుపు కోసం చేస్తాడు. అతనికేం తెలుస్తుంది."

సేవుగన్ నోరు తెరిచాడు. ఈయన నా అల్లుడు. మూడు మాటలు. చెబితే నవ్వు ఆగిపోతుంది. చెబితే రేపటి నుంచి ఈ జాడీ ముందు తను ఏ ముఖంతో నిలబడాలి? తలుపు దగ్గర టీ గ్లాసు పట్టుకుని పెరియకరుప్పన్ నిలబడి ఉన్నాడు. అతను నవ్వడం లేదు, చూస్తున్నాడు.

"రాండి, అవతల గట్టు చూద్దాం," అన్నాడు సేవుగన్, పట్నంవాళ్ళతో.

వాళ్ళను తిప్పి బస్సెక్కించి వచ్చేసరికి ఇంటివాళ్ళు గేటు దగ్గర లేరు.

ఇంటికి వస్తే వసారాలో మాడసామి కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు.

"మామా, సాయంకాలం బస్సుకు పోతాను. అమ్మ ఒక్కతే ఉంది. పండగ పూట ఒంటరిగా ఉండేది బాగుండదు." కోపం లేదు గొంతులో. ముందుగానే తూకం వేసి పెట్టుకున్న మాటల్లా ఉన్నాయి. "సొర్ణం ఉంటాది. నాలుగు రోజులుండి రానీండి."

"నేనుండను," లోపలి నుంచి సొర్ణం అంది. చీర మడతపెడుతున్న చప్పుడు వినబడింది. "మొగుడు లేకుండా మొదటి పండగేంది, తలదీపావళేంది? ఎవురికి నూనె పెడతారు, గోడకా?"

అళగమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. నానబెట్టిన మినప్పప్పు చేతులకు అంటి ఉంది. మొగుడి ముందు నిలబడింది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి తేలికగా ఉండేది.

"మొదటి పండగ అన్నం తినకుండా లేచిపోయిన అల్లుడు మళ్ళీ ఈ గడప తొక్కుతాడా?" అంది. "మన బిడ్డ మాత్రం యాడికొస్తాది ఇంక?"

*

సేవుగన్ పెట్టె తేవడానికి బడికి వెళ్ళాడు. ఊరికి పోయేవాళ్ళ చేతికి వాళ్ళ సామాను ఇవ్వాలి గదా. అది తప్ప చేయగలిగింది ఏదీ అతనికి తోచలేదు.

కొట్టు గొళ్ళెం తీశాడు. గడప కింది నుంచి ఒక నల్లటి గీత పారల దాకా పోయింది. చీమలు. పెట్టె మూతను రెండు చేతులతో విప్పాడు.

పైన ఆకుల్లో చుట్టిన పాలకోవా. ఆకులు విచ్చి, తెలుపు కనబడకుండా చీమలు. దాని కింద గుడ్డలు. జరీ అంచు పంచె ఒకటి. పెద్ద అంచు నేతచీర, అళగమ్మకు. సొర్ణానికి ఎర్రచీర. అన్నిటికంటే అడుగున మాడసామి చొక్కా, అది మిగతావాటికంటే చౌక గుడ్డ అని చేతికే తెలిసింది. పంచె అంచుకు చిన్న కాగితం ముక్క కుట్టి ఉంది. మామకు, అని.

సేవుగన్ నేల మీద కూర్చున్నాడు. పంచె విప్పి దులిపాడు. మడతల్లోకి పోయిన చీమల్ని నలిపితే మరక పడుతుందని వేలితో ఒక్కొక్కదాన్ని పక్కకు తోశాడు. చీరలు దులిపాడు. చొక్కా జేబు తిరగేసి చూశాడు. పాలకోవా ఎందుకూ పనికిరాదు. ఆకులతో సహా బయట చెట్టు మొదట్లో పెట్టి వచ్చాడు. మళ్ళీ కూర్చుని గుడ్డలు మడతపెడుతుంటే కిటికీలోంచి గట్టు కనబడింది.

గట్టు మీద మాడసామి ఉన్నాడు.

బస్సు స్టాపుకు ముందే వచ్చినట్టున్నాడు. చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. తడికల చాటు అయిపోయిన చోట ఆగలేదు. మామూలుగా జనం అక్కడ ఆగి, తల వంచి, దొంగల్లాగా అడుగేస్తారు. ఆ దొంగనడకకే పిట్టలు లేస్తాయి. ఇతను వంగలేదు. నిలువుగా నడిచాడు. మడమ కాదు, వేళ్ళు కాదు, పాదం మొత్తం ఒక్కసారే నేల మీద పరిచినట్టు దిగుతోంది, లేచేటప్పుడు మట్టిని తీసుకోవడం లేదు. చేతులు ఊగడం లేదు.

సేవుగన్ పంచె ఒళ్ళో పెట్టుకుని చూశాడు. నీళ్ళ అంచుకు దగ్గర కొమ్మ మీద కొంగలున్నాయి. ఒకటి మెడ తిప్పింది. అల్లుడి వైపు చూసి, మళ్ళీ ముక్కున ఉన్న పుల్లను గూట్లో దూర్చే పనిలో పడింది. మాడసామి నీళ్ళ దాకా పోయి నిలబడ్డాడు. ఒక్క పిట్ట లేవలేదు.

పెట్టె మూసి చంకన పెట్టుకుని సేవుగన్ గట్టెక్కాడు. అతను వస్తుంటే మూడు కొంగలు లేచి, ఇంకొక చెట్టు మీద వాలాయి.

మాడసామి తిరిగి చూశాడు. "నేనేమన్నా తప్పు చేశానా మామా? లేవాలి గదా, ఒక్కటీ లేవలేదు. సొర్ణం చెప్పింది లేస్తాయని."

"లేస్తాయి. ఎవురొచ్చినా లేస్తాయి. రోజూ వచ్చే నాకే లేచినాయి చూసినారు గదా." పెట్టె కింద పెట్టాడు. కొంచెం చప్పుడైంది. "ఇట్ట నడిచేది యాడ నేర్చుకున్నారు?"

"నేర్చుకోలేదు. మందు గదిలో కాలు ఈడవకూడదు. గిన్నె ఈడవకూడదు. ఇనుము ఉండకూడదు. లోపలికి పోయేముందు నీళ్ళ తొట్టిలో చెయ్యి ముంచి పోవాలి. ఇంటికొచ్చినా అదే నడక వస్తాది. మొదట్లో సొర్ణం జడుసుకునేది, వెనకొచ్చి నిలబడినా తెలిసేది కాదని. ఇప్పుడు తలుపు దగ్గర దగ్గుతున్నా."

నీళ్ళ మీద గాలికి తుంగ వంగి లేచింది.

"నా ఎదురుగా తంగవేలని ఒకడు కూర్చునేవాడు," అన్నాడు మాడసామి. "ఒకరోజు జల్లెడ కింద పెట్టేటప్పుడు చప్పుడు చేసినాడు."

మాడసామి ఎడమ చొక్కా చేతిని, కాలిన మచ్చ కనబడకుండా, మణికట్టు మీదికి లాక్కున్నాడు. అంత ఎండల్లో కూడా ఈయన పొడుగు చేతుల చొక్కా ఎందుకేసుకుంటాడో పెళ్ళిలో ఎవరో అడిగారు.

"దీపావళి వస్తే మా ఊళ్ళో రెండు రోజులు మోతే. తలుపులేసుకుని, తల మీద దిండు పెట్టుకుని పడుకుంటా. నేను కలిపిందే, నేనే వినలేను. అమ్మ నాకు పిల్లను వెతికేటప్పుడు ఎవరో చెప్పినారు, టపాకాయ పేలని ఊరొకటుందని." మెల్లగా నవ్వాడు. "పిల్లను చూడకముందే సరే అన్నా. సొర్ణానికి చెప్పబాకండి మామా."

సేవుగన్‌కు నవ్వు రాలేదు. చెప్పాల్సినవి చాలా ఉన్నట్టనిపించింది గాని, పిట్టల గురించి తప్ప వరసగా నాలుగు మాటలు చెప్పడం అతనికి ఎప్పుడూ రాలేదు. వంగి పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు.

"పదండి ఇంటికి."

"బస్సు వస్తాది మామా."

"రేపు కూడా వస్తాది. ఎల్లుండి కూడా వస్తాది. అమ్మ ఒంటరిగా ఉందంటే పొద్దున్నే మనిషిని పంపి పిలిపిద్దాం. ఆమెకు కూడా చప్పుడు లేకుండా ఉంటాది."

మాడసామి కదల్లేదు. పెట్టె వైపు చూశాడు. "బొమ్మ కనబడతా ఉంది. తిప్పి పెట్టుకోండి."

"నాలుగు పక్కలా ఉందే. యాడికని తిప్పేది?"

ఇద్దరూ గట్టు దిగారు. గేటు దగ్గర సొర్ణం సంచితో నిలబడి ఉంది, వెనక అళగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. నెత్తిన పెట్టెతో వస్తున్న తండ్రిని చూసి సొర్ణం సంచి కింద పెట్టింది.

టీకొట్టు బల్ల నిండా జనం ఉన్నారు. పండగ ముందు రోజు సాయంకాలం ఎవరూ ఇంట్లో ఉండరు.

"ఏంరా సేవుగా, ఆ పెట్టె నీ నెత్తికెక్కిందే," అన్నాడు పెరియకరుప్పన్.

సేవుగన్ ఆగాడు. పెట్టె దించలేదు. బల్ల మీద ఉన్నవాళ్ళందరినీ ఒకసారి చూశాడు.

"ఈయన నా అల్లుడు. మాడసామి. మందు కలిపే పని చేస్తాడు," అన్నాడు. "పొద్దున పట్నపోళ్ళ ముందర చెప్పాల్సింది. చెప్పలేకపోయినా. ఇప్పుడు చెప్తా ఉండా."

టీ పోసేవాడి చెయ్యి గాల్లోనే ఆగింది.

"పెట్టెలో గుడ్డలుండాయి. కావాలంటే దించుతా, విప్పి చూసుకో. నీ అల్లుడి సంచి కూడా నేను లోపల విప్పాల్సింది. వీధిలో విప్పినా. అది కూడా తప్పే."

పెరియకరుప్పన్ తుండు తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి అక్కడ చెమట లేదు. "సర్లే. పెట్టె చూసేదేముంది." కొంచెం ఆగి, "పిట్టలకు చూపించినావా?" అన్నాడు.

"చూపించినా."

"ఎన్ని లేచినాయి?"

"ఒక్కటీ లేవలా."

"అబద్ధం."

"పోయి అడుక్కో."

బల్ల మీద గొంతులోనే నవ్వులు లేచాయి. ఎవరో పక్కకు జరిగి, "రా అల్లుడూ, టీ తాగి పో," అన్నారు. మాడసామి మామ వైపు చూశాడు. కూర్చున్నాడు. గ్లాసు తీసుకున్నాడు. తాగి బల్ల మీద పెడితే గ్లాసు పెట్టిన సంగతి ఎవరికీ తెలియలేదు.

ఇంటికి నడుస్తుంటే సొర్ణం తండ్రి పక్కకు వచ్చింది. ఒక చెయ్యి పెట్టె కింద ఆనించింది, బరువు పెద్దగా లేకపోయినా.

"జాడీ దగ్గర రేపొచ్చేవాళ్ళకు ఏం చెప్తావు నాయనా?"

సేవుగన్ పెట్టెను నెత్తి మీద సర్దుకున్నాడు.

"పిట్ట గురించి చెప్తా," అన్నాడు. "మనుషుల గురించి నాకేం తెలుసు."

*

పండగ నాడు చీకటి ఉండగానే అళగమ్మ కూతురికీ అల్లుడికీ పీటలు వేసి తలకు నూనె పెట్టింది. సీకాయతో పోసింది. అల్లం లేహ్యం అరచేతిలో పెడితే మాడసామి ముఖం చిట్లించి మింగాడు, సొర్ణం పకపక నవ్వబోయి నోరు మూసుకుంది. కొత్త గుడ్డల మూలలకు పసుపు పెట్టారు. సేవుగన్ జరీ పంచె కట్టుకుని వసారాలోకి వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియనివాడిలా కాసేపు నిలబడ్డాడు. మాడసామి వంగి కాళ్ళకు దండం పెట్టాడు. తడి తల మీద సేవుగన్ అరచెయ్యి కాసేపు అలాగే ఉంచాడు.

తెల్లవారింది. అల్లుడి అమ్మను పిలుచుకురావడానికి మనిషి తొలి బస్సుకు పోయాడు. చాప పరిచి అరిటాకులు వేశారు. ఇడ్లీలు, వేటకూర, మినపవడలు. అళగమ్మ కూడా ఈసారి వాళ్ళతోపాటే కూర్చుంది. కూర పొగలు ఆకుల మీద నుంచి లేస్తున్నాయి. మాడసామి ఇడ్లీ తుంచి కూరలో అద్దుకున్నాడు.

అప్పుడు దూరంగా, పొలిమేరకు అవతల ఏదో ఊళ్ళో, మొదటిది పేలింది. వెంటనే ఇంకొకటి. తరువాత వరసగా.

ఇన్నేళ్ళూ దీపావళి పొద్దున ఆ చప్పుడు వినగానే సేవుగన్ కళ్ళు చెరువు దిక్కుకు పోయేవి. ఈసారి అల్లుడి చేతి వైపు పోయాయి. ఇడ్లీ ముక్క ఆకుకూ నోటికీ మధ్య ఆగింది. మోచెయ్యి ఒంటికి దగ్గరగా ముడుచుకుంది. మాడసామి తల ఎత్తలేదు, ఎవరూ చూడలేదని అనుకున్నాడు.

సేవుగన్ లేచాడు. ఎంగిలి చెయ్యి తగలకుండా ఎడమచేత్తో తూర్పు కిటికీ రెక్కలు రెండూ లాగి మూశాడు. మేకుకు వేలాడుతున్న గోనెపట్టా తీసి సందుల్లో దూర్చాడు. గదిలో సగం వెలుతురు తగ్గింది. వచ్చి తన ఆకు జరుపుకుని, అల్లుడికీ కిటికీకీ మధ్య కూర్చున్నాడు.

అళగమ్మ ఏదో అడగబోయింది. సొర్ణం ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

సేవుగన్ తన ఆకులో నుంచి మెత్తటి ముక్క ఏరి అల్లుడి ఆకులో వేశాడు. కొంతసేపటికి మాడసామి చెయ్యి మళ్ళీ కదిలింది. నలుగురూ తల వంచుకుని తిన్నారు.